కడిగిన కారుకు పట్టిన తుప్పు

తిరుమలరావు బావగారికి,

మొన్న సాయంత్రం కంచరపాలెంలో మా ఇంటి ముందు మీ కారు కడిగింది నేనే. కావాలనే కడిగాను. తెల్లారి చక్రాల లోపల బ్రేకు డిస్కులు ఎర్రగా తుప్పు పట్టి ఉండటం చూసి మీ ముఖం మాడిపోయింది.

పోయిన ఏడాది మీ తమ్ముడు మీ కారు తీసుకెళ్లి, కడిగి తెచ్చిచ్చినప్పుడు పట్టిందీ ఇదే తుప్పు. మంచినీళ్లతోనే కడిగానని ఆయన ఎంత చెప్పినా మీరు వినలేదు. మీ అమ్మాయి పెళ్లిలో బంధువులందరి ముందు, "యారాడ సముద్రంలో దింపేసి అబద్దాలు సెప్తన్నావేట్రా?" అన్నారు. ఆ తర్వాత ఆయన ఏ శుభకార్యానికీ వెళ్లలేదు.

ఆ ఉదయమే మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడిపాను. వీధి చివరికి వెళ్లేలోగా నాలుగైదుసార్లు బ్రేకు నొక్కితే డిస్కులు మళ్లీ మెరిశాయి. అది తడికి పట్టిన పైపై తుప్పేనని మీకూ అర్థమైంది. "సర్లేమ్మా, అయిపోయిందేదో అయిపోనాది" అన్నారు.

అయిపోలేదు బావగారూ. ఆదివారం మీ అబ్బాయి నిశ్చితార్థానికి ఆ బంధువులే వస్తారు. వాళ్ల ముందు మీ తమ్ముణ్ణి క్షమించమని అడగండి. అడగకపోతే భోజనాల దగ్గర మీ కొత్త వియ్యంకులు వినేలా నేనే అంతా చెబుతాను.

ఆయన వదిలెయ్యమంటున్నారు. ఆ మంచితనం చూసే మీరు అంత మాట అనగలిగారు. నాకు ఆ మంచితనం లేదు.

మీ మరదలు