తుప్పుపై తీర్మానం

ఆగస్టు 2, ఆదివారం

తొమ్మిదిమందిమి చందాలేసుకుని కొన్న బండి వచ్చింది. పదిహేడేళ్ల పాత ఎస్‌యూవీ. తలుపులు ఐదు, తెరుచుకునేవి నాలుగు. సమ్మె తర్వాత క్వారీ వాళ్లు బస్సు ఆపేశారు. కొండెక్కాలంటే గంటన్నర నడక. నడిచి నడిచి మేమే కాళ్లబేరానికి వస్తామని వాళ్ల ఆశ. ఇక ఆ ఆశ వదులుకోవచ్చు.

బేరం నేనే చేశాను. అమ్మినాయన రిటైరైన టీచరు. బండిని తళతళా తుడిపించి, అడుగున కూడా కొత్తగా నల్లరంగు కొట్టించి ఉంచాడు. ఎంత శ్రద్ధో.

మెకానిక్‌ని వెంట తీసుకెళ్లమని అక్క చెప్పింది. వద్దన్నాను. నిపుణుడు మన భయాన్ని మనకే అమ్ముతాడని పోయిన నెల చదివిన కరపత్రంలో ఉంది. అక్షరాలా నిజం.

నడిపేది అక్క. ఆరేళ్లుగా క్వారీ నీళ్ల ట్యాంకర్ తోలుతోంది. ఇంట్లో స్టీరింగు ఎలాగూ మీ అక్క చేతిలోదే, ఇప్పుడు వీధిలో కూడానా అన్నాడు బావ.

ఆగస్టు 5

ఎక్కింది. తొమ్మిదిమందిని మోసుకుని, ఎక్కడా ఆగకుండా కొండెక్కింది. గేటు దగ్గర సూపర్‌వైజర్ మొహాన కత్తివాటుకి నెత్తుటి చుక్క లేదు.

ఆగస్టు 11

మలుపుల్లో వెనక ఎడమవైపు టక్కుమంటోంది. అక్క నన్ను అడక్కుండా మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లింది. పని దిగి నేనూ వెళ్లాను.

ఆయన బండి కింద దూరి పావుగంట తర్వాత బయటికొచ్చాడు. ఆ నల్లరంగు కింద అంతా తుప్పేనట. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలు బండి అడుగు చట్రాన్ని పట్టుకునే చోట ఇనుము అప్పడంలా ఉందట, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే చిల్లు పడిందట. నలుగురికి మించి ఎక్కొద్దు, కొండ అసలే వద్దు, ఆ ముక్క కోసేసి కొత్త ఇనుము వెల్డింగ్ చేయాలి, ఇరవై రోజులు పడుతుంది అన్నాడు.

ఇరవై రోజులు! ఇప్పటికే ఇద్దరు కంపెనీ షరతులకి ఒప్పుకుందామా అని గొణుగుతున్నారు. ఇరవై రోజులు నడిస్తే ఆ ఇద్దరు ఆరుగురవుతారు.

స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే నీ పొట్టకీ చిల్లు పడుతుంది అన్నాను. ఆయనకి కోపం రాలేదు. నా పొట్ట తొమ్మిదిమందిని కొండెక్కించదులే అబ్బాయ్ అన్నాడు. చేతులు తుడుచుకుంటూ, ఈత పుస్తకంలో నేర్చుకున్నావా అని కూడా అడిగాడు.

ఆగస్టు 12

మీటింగ్ పెట్టాను. ఒకడి మాట మీద కాదు, అందరి నిర్ణయం మీద నడవాలి. రిపేర్ వాయిదా వేయాలన్న తీర్మానానికి ఎనిమిది చేతులు లేచాయి. బావది చివరగా, అక్క వైపు చూస్తూ.

అక్క ఎత్తలేదు. తుప్పుకి కూడా ఓటుందేమో కనుక్కున్నారా అని అడిగింది. మెజారిటీని వెక్కిరించడం పద్ధతి కాదన్నాను. నువ్వు తోలకపోతే నేను తోలుతానని, మేం నిచ్చెన అని పిలిచేవాడు ముందుకొచ్చాడు. క్రషర్ దగ్గర పనిచేసే ఆరడుగుల మనిషి, నేనేమంటే దానికి సై అంటాడు. నువ్వు గేరు మారిస్తే మనుషుల పళ్లు రాలతాయి, తోలేది నేనేలే అని అక్క లేచి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక ఒక నియమం రాయించాను. ఒకసారి చేసిన తీర్మానాన్ని మూడు రోజుల ముందు నోటీసు లేకుండా తిరగదోడకూడదు. లేకపోతే రోజుకొకరికి భయం పుడుతుంది.

ఆగస్టు 17

చప్పుడు పెరిగింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. పాటలు మాత్రం గట్టిగా పాడుతున్నారు.

ఆగస్టు 20, గురువారం

మధ్యాహ్నం అందరూ తిండి దగ్గర ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి కింద దూరాను. మెకానిక్‌ది అబద్ధమని నా కళ్లతో చూసుకుందామనే.

పొడవలేదు. ఊరికే ఆనించాను. పిడి దాకా దిగింది. మొహం మీద ఎర్రటి పొడి రాలింది. పక్కన ఇనుము చీలి ఉంది, వేలు పడుతుంది. పెట్టి చూశాను.

బయటికొస్తే ఎదురుగా నిచ్చెన. ఏమైంది అన్నాడు. ఆయిల్ కారుతోందేమోనని చూశాను అన్నాను.

సాయంత్రం నోటీసు అంటించాను. ఆదివారం మీటింగ్, అంశం: బండి. అంతే. నియమం రాయించిన నేనే దాన్ని తొక్కితే రేపు ఎవరు వింటారు?

ఇక్కడైనా నిజం రాయాలి. ఆ మెకానిక్ ముందు తల వంచడానికి నాకు మూడు రోజులు కావాలి.

ఆగస్టు 21, శుక్రవారం

నడిచి వెళ్లాను. సగం దారిలో అక్క బండి ఆపి ఎక్కమంది. నడక ఒంటికి మంచిదన్నాను. ఎంత సులువుగా వచ్చింది అబద్ధం.

నోటీసులో బండి అని ఎందుకు రాశావు అంది. ఆదివారం చెప్తానన్నాను. ఇప్పుడు చెప్తే నోరు అరుగుతుందా అంది. వెనక సీట్లోంచి బావ, వాడు మైకు లేందే మాట్లాడడే అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేశాను.

బండి ముందుకి కదిలాక చూశాను. వెనక ఎడమపక్క రెండు వేళ్లంత కుంగి ఉంది. ఆ పక్కన ఐదుగురు కూర్చున్నారు.

ఆగస్టు 22, శనివారం, ఉదయం 6.15

వాన. జ్వరమని పడుకున్నాను. అక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉందని తనకి తెలిసింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, బండిలో ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పరా అంది.

రేపే కదా అన్నాను.

6.50

ఇంజన్ చప్పుడు వినగానే లేచి పరిగెత్తాను. చెప్పుల్లేకుండా, వానలో, మలుపు దాకా. ఆపండని అరిచాను. వెనక అద్దంలోంచి ఇద్దరు నవ్వుతూ చేతులూపారు. సాగనంపడానికి వచ్చాననుకున్నారు.

అక్కకి ఫోన్ చేశాను. తోలేటప్పుడు ఎత్తదు. అది తన నియమం. బావకి చేశాను. కొండ దారిలో సిగ్నల్ ఉండదు.

7.40

అక్క నంబర్ నుంచి ఫోన్. ఎవరో మగగొంతు, కొండ దిగి వచ్చి చేస్తున్నానన్నాడు. మలుపులో బోల్తా పడిన బండి ఎవరిదని అడిగాడు.

మా అందరిదీ అన్నాను.

అయితే అందరూ రండి అన్నాడు.