సచ్చిన దినం ఒక్కటే నాగా

తేదీ 24-1-1992

మండల విద్యాధికారి గారి సముఖానికి, గుట్టకింది పల్లె ఫక్రుద్దీన్ భార్య ఇక్బాల్ బీ, వయస్సు డెబ్బై, చెప్పి రాయించుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి ప్రాథమిక పాఠశాల హాజరు పట్టీలో నా మనుమరాలు వజీరా, రెండవ తరగతి, పేరున రాసిన తప్పులు దిద్దించుట గురించి.

1. నా కొడుకు, కోడలు బొంబాయికి మట్టిపనికి పోయినందున పిల్ల నా దగ్గర ఉండెను. సర్కారు చదువు ఉచితమని హెడ్మాస్టరు గారు ఇంటికొచ్చి చెప్పినందున బడిలో చేర్పించితిని. ఫీజు లేని మాట నిజమే. బదులుగా ఆడపిల్లలు రోజూ వారింటికి దిగుడుబావి నీళ్లు మోయవలెను.

2. 19-8-1991 నాడు వజీరా బడికి పోనన్నది. "దాదీ, మెట్లకు పాకురు పట్టింది, కాలు జారుతాంది" అన్నది. చదువు దొంగవని తిట్టి, చింతబరిగెతో కొట్టి, రెక్క పట్టి గుంజుకపోయి బడిల కూసోబెట్టి వచ్చిన. హెడ్మాస్టరు గారు నవ్వి, "గట్లుండాలె పెద్దమ్మా" అన్నరు. పగటీలికి పిల్ల శవం బావిల తేలింది. నీళ్లకు తోలిన హెడ్మాస్టరు గారి బిందె మాత్రం తేలలేదు. మరునాడు పాతాళగరిగె వేసి తీయించుకున్నరు.

3. ఆ దినం పిల్ల బడికే రాలేదని పోలీసు జవానుకు పట్టీ చూపించిండ్రు. నాగా అని, గైర్హాజరు రాసి ఉన్నదట. ముసల్దే పనికి తోలి చంపుకున్నదని ఊరు అన్నది.

4. మొన్న తమరు తనిఖీకి వచ్చిననాడు నేను బడి కిటికీ కింద రేగుపండ్లు అమ్ముతున్న. తమరు పేర్లు పిలుచుకుంట వజీరా అన్నరు. లోపటి నుంచి "హాజర్ సార్" అని వినవడ్డది. గంప ఇడిసి లేచి చూసిన. మా ఊరి బిక్షమ్మ బిడ్డ నిలవడి ఉన్నది. పిల్లలు తక్కువైతే ఒక సారును తీసేస్తరని వజీరా పేరు పట్టీల ఉంచిండ్రట. తమరు పట్టీ తిరగేసి, "ఏడాదిల ఒక్కటే నాగా, శాబాష్ వజీరా" అని దానికి పలక ఇచ్చిండ్రు. నేను లోపటికి వస్తుంటే, ముసల్దానికి మతి లేదు సార్ అని హెడ్మాస్టరు గారు తలుపు మూసిండ్రు. తమరు తల ఊపిండ్రు.

అయ్యా, ఆ ఒక్క నాగా అది సచ్చిన దినం. మిగిలిన అయిదు నెలలు గోరీల నుంచి లేచి బడికి వచ్చినట్టున్నది.

కావున అది సచ్చినంక రాసిన హాజర్లన్ని కొట్టివేయించి, 19-8-1991 నాటికి మాత్రం హాజరు రాయించ ప్రార్థన. ఆ దినం అది బడికి వచ్చింది. నా ఏడుపు కాదు, ఆ పట్టీ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఇక్బాల్ బీ (వేలిముద్ర)

మరొక మాట: సాక్ష్యం ఎవరని అడుగుతరేమో. అర్జీ రాసిన ఐలేశం ఎడమ బొటనవేలు వేయమన్నడు. నేను కుడిది వేసిన. ఆ దినం బరిగె పట్టిన చెయ్యి అదే.