ఏడో గడిలో వాడిన మొక్కలు

మొక్కల తెగుళ్ల నిర్ధారణ అధికారి గారి సముఖమునకు ఒక వంకాయ రైతు సమర్పించుకొను అర్జీ.

విషయం: దరఖాస్తు ఫారంలోని ఏడో గడిని వేరుగా చదివి నా తోటను కొట్టివేసిన సందర్భము గురించి.

అయ్యా,

1. నా తోటలో వంగ మొక్కలు పచ్చగా ఉండగానే మధ్యాహ్నానికి తల వేలాడేసి, మూడో రోజుకు చచ్చిపోవుచున్నవి. తమ ఆఫీసులోనే పనిచేసి రిటైరైన పాత అసిస్టెంటు గారు వచ్చి, ఒక కాండాన్ని కోసి గాజు గ్లాసులోని నీళ్లలో నిలబెట్టగా, కోసిన చోటు నుంచి పాలదారం వంటి జిగురు కిందికి దిగింది. ఇది ఎండు తెగులనీ, నీళ్లతో పాకుతుందనీ, మట్టిలో దిగితే ఏళ్ల తరబడి వదలదనీ ఆయన చెప్పారు. రిటైరైనందున ఆయన కళ్లు చెల్లవని తమరు సెలవిచ్చారు.

2. పై చేను మా అన్నయ్యది. తన చేలో చచ్చిన మొక్కలను పీకి కాలువలో పడేస్తాడు. ఆ నీళ్లే నా తోటకు వస్తాయి. ఆపమని అడిగితే, "తెగులని ఆఫీసువాళ్లు కాగితం ఇస్తే ఆపుతాలే. నీ గ్లాసు చూసి నేనెందుకు ఆపాలిరా?" అన్నాడు. అప్పటికి సగం తోట బాగానే ఉంది. నాకు కావలసింది ఆ ఒక్క కాగితం.

3. మొదట చచ్చిన మొక్కను వేళ్లతో, మట్టితో సహా తెచ్చాను. చచ్చినదాన్ని పరీక్షించరాదన్నారు. బాగున్నది తెస్తే దీనికేం రోగమని నవ్వారు. సగం చచ్చినది తెమ్మంటే అదీ తెచ్చి, తమ భోజనం అయ్యేదాకా వరండాలో కూర్చున్నాను. తమరు చెయ్యి కడుక్కునేసరికి అది పూర్తిగా చచ్చింది. పరీక్షకు ఒక్క గ్లాసు నీళ్లు చాలునని విన్నవించగా, ఉన్న ఒక్క గ్లాసూ తమరు తాగడానికని అటెండరు చెప్పాడు. మూడు మొక్కలనూ మట్టితో సహా కిటికీలోంచి వెనక్కి విసిరేశాడు.

4. ఫారంలో ఏడో గడి "వాడినవి". నేను "పన్నెండు వందల మొక్కలు" అని రాశాను. అడిగింది మందుల గురించట. నాకేం తెలుసు, నా కళ్ల ముందు వాడుతున్నవి మొక్కలే. తమరు దానిపై "రైతు పన్నెండు వందల మొక్కలు తానే వాడుకున్నట్లు ఒప్పుకున్నాడు. తెగులు లేదు" అని సంతకం పెట్టారు. అన్నయ్య దాన్ని రెండుసార్లు చదివించుకుని, "అన్ని మొక్కలు వాడుకుని మాకొక్క వంకాయైనా పంపలేదేంరా?" అన్నాడు. నీళ్లు ఆపలేదు.

5. మిగిలిన సగమూ పోయింది. నా భార్య రోజుకొక మొక్కను కోసి గ్లాసులో పెట్టి చూసేది. ఇంట్లో గ్లాసులన్నీ కిటికీ గట్టు మీదే ఉన్నవి, మేము చెంబుతో తాగుచున్నాము. నిన్న ఆఖరి మొక్క కోసింది. ఏడవలేదు, గ్లాసులు కడగనూ లేదు. నాకు తమ మీద చాలా కోపంగా ఉన్నది. దానికి ఫారంలో గడి లేనందున ఇక్కడ రాయడమైనది.

కావున నా మొక్కలను నేను వాడుకోలేదనీ, అవే వాడిపోయినవనీ సరిదిద్ది ఒక కాగితం ఇప్పించ ప్రార్థన. తోటకు అది ఇక పనికిరాదు. నా భార్యకు చూపించాలి.

ఓపిక ఉన్నప్పుడు చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
పన్నెండు వందల మొక్కలు వాడుకున్నవాడు

తా.క.: ఇది తమ వరండాలో కూర్చుని రాస్తున్నాను. తమ కిటికీ వెనక ఉన్నది రైతులకు పంచే వంగ నారుమడి అని ఇవాళే చూశాను. నా మొక్కలు పడింది అందులోనే. ఎండకు నారు తల వేలాడేసింది. తమరు భోజనానికి వెళ్లినప్పుడు తమ గ్లాసులోనే ఒక మొక్కను పెట్టి చూశాను, పాలదారం దిగింది. గ్లాసు కడగకుండా బల్ల మీద పెట్టాను. భయపడకండి, మనుషులకు అంటదు.

తర్వాత నారు పంపకం మొదలైంది. వరుసలో అన్నయ్య మొదటివాడు. కొత్తగా చదును చేసిన మెట్ట చేనికట, రెండు బుట్టలు ఎత్తుకున్నాడు. వెళ్తూ, "ఏరా, నారు బాగుందంటావా?" అని నన్నడిగాడు.

నా దగ్గర కాగితం లేదు కదా. "బాగుందన్నయ్యా, ఇంకో బుట్ట తీసుకో" అన్నాను.