అక్క ఆది జాకెట్టు

జులై 7, సోమవారం

టీవీ వాళ్ల ఫోన్. అక్క ఎంపికైందట.

ఫారం నింపింది నేనే. అక్కకి చెప్పలేదు. ఆషాఢం... కుట్టు షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చున్న రోజులు. మామూలు ఆడవాళ్లని తీసుకెళ్లి కొత్త మనిషిలా తయారుచేసి పంపే ప్రోగ్రాం అది. అక్క టీవీలో కనబడితే నర్సీపట్నం అంతా నా షాపు ముందుంటుందని ఆశ. అబద్ధం ఎందుకు, అదీ ఉంది. అక్క బాగుండాలన్నదీ ఉంది.

ఫారంలో ఒక గడి — "ఆమెలో మార్చవలసినవి". గబగబా రాసేశాను. మెడ నలుపు. జారిపోయిన భుజాలు. నారింజ చీర మీదకి ఆకుపచ్చ జాకెట్టు. పెళ్లికొచ్చినా చెరకు తోటలో నడిచినట్టే నడక. చోటు చాలక కాగితం తిప్పి రాశాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని నాకు. ఆడమనిషి షాపు మెట్టెక్కగానే ఏది దాచాలా అని కళ్లు వెతుక్కుంటాయి.

జులై 10, గురువారం

రావికమతంలో, అక్క ఇంట్లో షూటింగ్. "ముందు" ఎలా ఉండేదో తీస్తారట. వంటింట్లో లైట్లు ఆపించారు. దువ్వుకున్న తల చెరిపించారు. "ఇంకొంచెం పాత చీర ఉందా మేడమ్?"

అక్క పడీపడీ నవ్వింది. "ఇంకా పాతదేటి బాబూ, నాకున్నయ్యన్నీ పాతయ్యే!"

వాళ్లు కెమెరా పట్టుకుని ఊరికే చూస్తూ నిలబడ్డారు. అక్క నవ్వు తగ్గింది... మళ్లీ వచ్చింది... ఆగిపోయింది. అప్పుడు మొదలుపెట్టారు తీయడం.

జులై 13, ఆదివారం

యలమంచిలిలో అక్కని రైలెక్కించాం. నాలుగు పాత బట్టలు వెంట తెమ్మన్నారు. సంచి నేనే సర్దాను, షాపులో ఉన్న అక్క బట్టలతో, హడావిడిగా.

దివ్య ఏడవలేదు. "అమ్మ టీవీలోంచి నాకు సెయ్యి ఊపుతాది పిన్నీ." నాలుగో తరగతి. నమ్మే వయసు.

జులై 16

అక్క ఫోన్ మోగదు. అక్కడికి వెళ్లగానే తీసుకున్నారట. బావ అడిగితే, రూలు అన్నారట.

జులై 18, శుక్రవారం

అక్క ఆది జాకెట్టు కనబడటం లేదు.

మా షాపులో టేపు పెట్టి కొలవడం ఎవరికీ ఇష్టం ఉండదు. సరిగ్గా పట్టిన పాత జాకెట్టొకటి తెచ్చి ఇస్తారు, దాన్ని పరిచి దాని మీదే కొలత. కొందరివి నా దగ్గరే ఉండిపోతాయి, పేరు రాసిన కవర్లలో. అక్కది గోధుమరంగుది. పెళ్లైన కొత్తలో కుట్టాను. దివ్య పుట్టాక పక్కలు విప్పాను. గర్భసంచి తీయించాక మళ్లీ విప్పాను. ఎన్ని జాకెట్లు కుట్టినా దాని మీదే. ఇన్నేళ్లలో అక్క ఒంటి మీద టేపు పెట్టలేదు.

కవర్ ఖాళీగా ఉంది.

నాలుగు పాత బట్టలు. ఆ సంచిలో నేనే పెట్టాను. చేతికి దొరికింది పెట్టేశాను.

జులై 24, గురువారం

వచ్చింది.

భుజాల దాకా జుట్టు, తేనె రంగు. మెడ తెల్లగా ఉంది. బాగుంది. నిజంగా బాగుంది, అది రాయకపోతే తప్పు.

కానీ గుమ్మంలో ఆగిపోయింది. ఒక చెయ్యి నడుం మీద, ఒక మోకాలు కొంచెం ముందుకి... అలాగే నిలబడింది. నవ్వుతూ. మేం లోపలి నుంచి చూస్తున్నాం. ఎంతకీ కదలదు.

"పిన్నీ, అమ్మ లోపలికి రాట్లేదేటి?"

బావకి ఏం తోచిందో చప్పట్లు కొట్టాడు. వచ్చింది.

జులై 25

శ్రావణం మొదలు. కొత్త గుడ్డలు నాలుగొచ్చాయి. చెయ్యి ఆడటం లేదు.

జులై 27, ఆదివారం

మధ్యాహ్నం ప్రోగ్రాం వేశారు. అక్క ఇంట్లోనే అందరం.

నేను రాసినవి చదివారు. నాకు చెప్పనే లేదు చదువుతారని. మెత్తని ఆడగొంతు, వెనక వీణ — "ఆమె సొంత చెల్లెలు ఇలా రాసింది..." మెడ. భుజాలు. నడక. కాగితం వెనక రాసినవి కూడా. తెర మీద అక్క చీకటి వంటింట్లో కూర్చుని వింటోంది — ఆ రోజు నేను షాపుకి వచ్చేశాక తీసినట్టున్నారు. చెంపలు తడిశాయి.

నా పక్కన కూర్చున్న అక్క జాలిగా చూసింది తెర వంక. నా వంక కాదు. "పాపం. ఎవులో గానీ... ఆ మనిషిని అలా ఎలా వదిలీసేరే?"

బావ నవ్వాడు, వేళాకోళం అనుకుని. నేను అక్క మొహం చూశాను. వేళాకోళం కాదు.

తర్వాత గాజు పెట్టె. పాత బట్టలు ఒక్కొక్కటీ అందులో వేయించారు. ప్రతి దానికీ చప్పట్లు. నాలుగోది గోధుమరంగుది. అక్క దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆగింది. పక్కలు తడిమింది... ఎవరో ఆమె చెయ్యి మెల్లగా విడదీశారు.

జులై 30, బుధవారం

షాపు నిండిపోయింది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి నేరుగా వస్తున్నారు. అందరి ఫోన్లలో ఒకటే ఫోటో. "మీ అక్కకి వేసిన జాకెట్టు మెడే నాకూ పెట్టమ్మా." లావుగా ఉన్నావిడ, బక్కపలచటావిడ, చంటిపిల్ల తల్లి — అందరికీ అదే మెడ. ఒకావిడ తన ఆది జాకెట్టు ఇవ్వనంది. "అది పాత నేను. ఫోటో సూసి కుట్టీ."

నేను కోరుకున్నదే ఇది. తలనొప్పి.

ఆగస్టు 1, శుక్రవారం

చింతపల్లి నుంచి బుజ్జమ్మ గారు వచ్చారు. నా మొదటి కస్టమర్లలో ఒకరు. తనకి కావలసిన రంగు దారం తనే తెచ్చుకుంటారు, ఎప్పుడూ అంతే. ప్రోగ్రాం చూశారట.

"మీ అప్పకి రంగులు బాగా తెలుసును కదమ్మా. సంతలో సూసేదాన్ని. ఆకుపచ్చని నారింజ పక్కన పెట్టి, ఎండలోకి పట్టుకెళ్లి సూసుకునేది. అవన్నీ ఏటి సేసేరు?"

దారం అందుకుని రీలు మీద ఆవిడ పేరు రాశాను.

అక్క ఎండలో చూసుకునేది. నిజమే. పది చీరలు తీయించి ఒకటి కొనేది. కొంగు నడుం చుట్టూ రెండుసార్లు తిప్పి దోపేది, పనికి అడ్డం రాకుండా. కనకాంబరాల్లో మరువం గుచ్చి ఎడమ పక్కకే పెట్టుకునేది. దాన్నంతా నేను మోటు అన్నాను. తెలియనితనం అన్నాను. కోరి ఏరుకున్నది అని నాకు తట్టలేదు — కుట్టేదాన్ని, నాకు! సిగ్గుగా ఉంది. కోపంగా ఉంది. తప్పంతా ఆ టీవీ వాళ్ల మీద వేసేద్దామంటే ఫారంలో చేతిరాత నాది.

ఆగస్టు 3, ఆదివారం

రావికమతం వెళ్లాను. అక్క ఫోన్‌లో పాత ఫోటోలన్నీ తీసేసింది. గోడ మీద పెళ్లి ఫోటో కూడా దించింది. దివ్య చెప్పింది, గుసగుసగా.

పొలానికి నీళ్ల వంతు ఈసారి పక్కవాళ్లు లాగేసుకున్నారు. అక్క గొడవకి వెళ్లలేదు. కిందటేడు ఆ గట్టు మీద నిలబడి ఊరంతా వినేలా అరిచి తెచ్చుకుంది నీళ్లు.

బావ — "అరుపులూ లేవు, ఏటీ లేదు. ఇల్లు సల్లగా ఉంది మరదలా."

అక్క పక్కనే ఉంది. నవ్వుతోంది. ముందరి పళ్లు మాత్రమే కనబడేలా.

ఆగస్టు 5

టీవీ వాళ్లకి ఫోన్ చేశాను. ఒక్క జాకెట్టు తిరిగివ్వమన్నాను, ఆది కోసం. ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "అవి ఉండవండీ. అయినా ఆ కొలతలు ఇప్పుడు ఆవిడవి కాదు కదా."

ఆగస్టు 6, బుధవారం

అక్క షాపుకొచ్చింది. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం, పట్టుజాకెట్టు కావాలి. ఆది లేదు. మిషన్ దగ్గరి పిల్లని టీకి పంపి, తెర లాగి, టేపు తీశాను.

"అక్కా, ఆ రాసినయ్యి..." అన్నాను.

"నిజమే కదే రాసేవు. బేగి కొల్చీ."

మెడ. చెయ్యి. ఛాతీ. ఆ కిందకి వచ్చేసరికి పొట్ట లోపలికి బిగబట్టుకుని ఉంది. అందరూ అలాగే చేస్తారు, టేపు చూడగానే. నవ్వి అన్నాను, "ఊపిరి వదులక్కా."

"వదిలేనే."

ఆగాను. టేపు కదలలేదు.

"వదులు. నేనే కదా, ఎవరూ లేరు."

"వదిలేనని సెప్తన్నాను కదే బుల్లీ." అద్దంలోంచి నన్నే చూస్తోంది. విసుగు లేదు, వేళాకోళం లేదు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టాను. చెక్కలా ఉంది. మనసులో వంద లెక్కపెట్టాను. నా ఊపిరి నాకు వినబడింది. తనది వినబడలేదు.

ఎప్పట్నించి అలా పట్టుకుని ఉంది? ఎవరైనా ఇక చాలని చెప్పారా తనకి?

వెళ్లేటప్పుడు గుమ్మంలో వెనక్కి తిరిగింది. "పక్కల్లో గుడ్డ వదలకే. కోసీ. మళ్లీ విప్పక్కర్లేదు."

ఆగస్టు 7, గురువారం

ఉదయం పది. అక్క వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. కుట్టేదాకా ఉంటానంది. వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

పట్టుగుడ్డ బల్ల మీద పరిచాను. టేపు చెప్పిన కొలతకి కోస్తే ఆ జాకెట్టులో అక్కకి ఇక ఊపిరి వదలడానికి ఉండదు. వదులుగా కోస్తే — అక్కకి ఏం కావాలో నేనే చెప్పినట్టు. మళ్లీ.

సుద్ద పట్టుకున్నాను... గీత పడలేదు ఇంకా. "కోసేవేటే?" అని బయట్నించి అడుగుతోంది.