కదలని మరక

సూపర్‌వైజర్ గారికి,

నన్ను బట్టల తనిఖీ నుంచి ప్యాకింగ్‌కు మార్చారని తెలిసి రాస్తున్నాను. మరకలున్నాయని పోయిన వారం నేను పక్కన పెట్టిన మూడు తెల్ల తానులూ శుభ్రమైనవే. తప్పు నాదే. ఆ నల్ల నలుసులు బట్టలో లేవు, నా కంట్లో ఉన్నాయి.

"వయసుతో వచ్చేవేనమ్మా, అలవాటు చేసుకోండి. మెరుపులు కనిపించినా, తెర పడ్డట్టున్నా మాత్రం వెంటనే పరిగెత్తుకు రండి," అంది కంటి డాక్టరు.

అలవాటు చేసుకున్నాను. చూపు తిప్పితే నా నలుసు దాని వెంటే పోతుంది. బట్ట మీది మరక ఉన్నచోటే ఉంటుంది.

నిన్న మీరే స్వయంగా చూసి, బాగుందని ప్యాకింగ్‌కు పంపిన తాను మళ్లీ విప్పాను. మూడో మడతలో నూనె మరక. కళ్లు ఎంత తిప్పినా కదల్లేదు. దాన్ని మీ బల్ల మీద పెట్టాను. సోమవారం నేను నా తనిఖీ బల్ల దగ్గరే ఉంటాను.

ఇట్లు,
ఇరవై ఆరేళ్లుగా మరకలు పట్టుకుంటున్న మనిషి