కొలిమి కొట్టం ఎవరికి, నీళ్ళ కుండలు ఎవరికి

ముందు అందరి ఆరోగ్యాలు అడిగి తర్వాత ఆస్తి సంగతికి వస్తాను.

కొడుకు వెంకట్రాజం, నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? గోడకు అవతల పడుకునే కొడుకును కాగితం మీద అడగాల్సి వచ్చింది. పాత ఇనుము వ్యాపారిని పిలిచి కాల్చిన ఇనుము పెట్టి కొట్టే నా దాగలిని బేరం పెడితే నేను అడ్డుపడిన రోజు నుంచి నువ్వు నాతో మాట్లాడటం లేదు. కోడలు కళావతి, దగ్గు తగ్గినట్టుంది, పొద్దున వినబడలేదు. వినబడకపోతే అదొక ఫికర్. వర్ధన్నపేటలో ఉన్న బిడ్డ సమ్మమ్మ, బీపీ గోళీలు మింగుతున్నావా, డబ్బాలో దాచి పండుగకు తీస్తావా? మడికొండ కమ్మరి కట్టయ్య, కంటి ఆపరేషన్ తర్వాత నల్లద్దాలు అప్పుడే తీసేశావని విన్నాను. పెట్టుకో. పక్కింటి రూతు దవాఖానలో కట్లు కట్టే మనిషి, తన సంగతి తను చూసుకుంటుంది. నేను బాగున్నాను. బాగున్నప్పుడే నాకు ఎక్కువ భయం.

కీర్తిశేషులు సారంగపాణి భార్య చిలుకమ్మ అను నేను, వయసు అరవై ఎనిమిది, కాపురం వరంగల్ శివనగర్, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ బెదిరింపూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. బెదిరింపు లేదన్నది రైటర్ కిషన్ రావు పెట్టిన మాట. ఆయన రాసిచ్చిన ముసాయిదాలో నేను చెప్పినవి సగం ఎగిరిపోయాయి, అందుకే రెండో తరగతి చదువుతో నా చేత్తోనే మళ్ళీ రాస్తున్నాను. తప్పులుంటే నవ్వండి, దిద్దకండి. తెలివి సరిగ్గానే ఉంది. గుండె మాత్రం దడదడమంటోంది. దానికి చట్టంలో అభ్యంతరం లేదట.

1. నా పేరు మీద ఉన్న ఇంట్లో ముందరి మూడు గదులు, వాకిలి, బావిలో సగం హక్కు నా కొడుకు వెంకట్రాజానికి చెందవలెను. పైకప్పు వంటగది మూలలో కురుస్తుంది. ఆరేళ్ళుగా చెబుతున్నాను. ఇక నీదే కాబట్టి ఇప్పుడైనా చూసుకుంటావు.

2. పెరట్లోని రేకుల కొట్టం గురించి రాసే ముందు అది ఎట్లా వచ్చిందో రాయాలి.

అందరి మొగుళ్ళూ రిటైరైతే గుడికో పేకాటకో పోతారు. మా ఆయన 1971లో మిల్లు నుంచి దిగి, గేటు గొళ్ళెం బాగు చేయించడానికి మడికొండ పోయి, కట్టయ్య కొలిమి ముందు కూర్చుని, సాయంత్రానికి తనకూ ఒక కొలిమి కావాలన్నాడు. కట్టయ్య ఎంత వద్దన్నా వినలేదు. నెల తిరిగేసరికి పెరట్లో కొట్టం, తోలు తిత్తి, సుత్తెలు, పట్టుకారు, నలుగురు మోసుకొచ్చిన దాగలి. అప్పుడే వెంకట్రాజం అన్నాడు, “మనం సాలోళ్ళం, మగ్గం మీద బతికినోళ్ళం. మనకీ సుత్తె కొట్టుడేంది బాపూ, నలుగురు నవ్వరా?” మగ్గానికి కావాల్సిన మేకులు ఆకాశం నుంచి పడ్డాయనుకున్నాడు కాబోలు.

నవ్వారు, నిజమే. పదకొండేళ్ళలో ఆయన చేసినవాటిలో ఒక్కటీ చెప్పిన పని చేయలేదు. నాలుగు కాళ్ళ స్టూలు ఎప్పుడూ మూడు కాళ్ళ మీదే నిలబడింది. గొళ్ళెం వేస్తే తీయడానికి మళ్ళీ సుత్తె కావాలి. కత్తిపీట వంకాయను వదిలేసి వేలును కోసింది. రూతు కట్టు కడుతూ, “సారుకు జర మెల్లగ నేర్సుకోమని చెప్పుండ్రి, మా దవాఖానల దూది అయిపోతాంది” అన్నది. కోతలకు కొడవళ్ళు చేసి వర్ధన్నపేట పంపితే మొదటి పూటే విరిగాయి. కోతకు వచ్చిన ఆడవాళ్ళు, “సమ్మక్కా, మీ బాపు పంపింది కొడవలా, అప్పడమా?” అన్నారు. ఆ మాట ఆయనకు చెప్పవద్దని నేనే దాచాను. నాలుగేళ్ళు దాచాను.

విరగడానికి కారణం తొందర. ఎర్రగా కాల్చిన కొడవలి అంచును నీళ్ళలో ముంచి తీసి, ఇటుక ముక్కతో రుద్ది, చూస్తూ ఆగాలి. వెనుక ఉన్న వేడి మెల్లగా అంచుకు పాకి ఎండుగడ్డి రంగు వస్తుంది. అప్పుడు మళ్ళీ ముంచాలి. ముందే ముంచితే పెళుసు, నీలం వచ్చేదాకా ఆగితే మెత్తన. కట్టయ్య వందసార్లు చెప్పాడు, “ఆగుడే పని సారూ, కొట్టుడు ఎవడైనా కొడుతడు.” ముప్పై ఏళ్ళు మిల్లు కూతకు పరిగెత్తిన మనిషి ఎట్లా ఆగుతాడు?

నిప్పురవ్వ ఎగిరి రూతు వాళ్ళ తడక అంటుకుంటుందేమోనని నేను మూడు కుండల నీళ్ళు పెట్టుకుని పక్కనే కూర్చునేదాన్ని. మంట ఎక్కువ చేస్తాడేమోనని తిత్తి కూడా నేనే ఊదేదాన్ని. పదకొండేళ్ళు భయంతో ఆ నిప్పునే చూశాను. నాకేమీ రాదని అందరూ అనుకున్నారు, నేను కూడా.

3. ముందు గదిలో ఆయన ఫోటో కింద వేలాడే కొడవలి నా బిడ్డ సమ్మమ్మకు చెందవలెను. దాని గురించి ఒక నిజం ఒప్పుకుంటున్నాను.

1982లో ఆయన పోయినప్పుడు ఆ కొడవలి ఆకారానికి వచ్చి, నీళ్ళు చూడకుండా దాగలి పక్కన పడి ఉంది. తుప్పు పడుతుందేమోనని నాకు అన్నం సయించలేదు. మాసికం అయినాక, వెంకట్రాజం ఆఫీసుకు పోయిన పూట, కొలిమి ముట్టించి నేనే కాల్చాను, నేనే ముంచాను, అంచునే చూస్తూ ఆగాను. ఎండుగడ్డి రంగు వచ్చింది. మళ్ళీ ముంచాను. అది వర్ధన్నపేటలో పంట మొత్తం కోసింది. “బాపు ఆఖరి కొడవలి ఇరగలేదే అమ్మా!” అని సమ్మమ్మ ఏడ్చింది. పొలంలో పోతుందని వెంకట్రాజం తెచ్చి గోడకు పెట్టాడు. ప్రతి దసరాకు కుంకుమ పెట్టి, వచ్చినవాళ్ళకు “మా బాపు చేతి పని” అని చూపిస్తాడు. ఆ పని పుట్టిన కొట్టాన్ని మాత్రం పడగొట్టి స్కూటర్ పెట్టుకుంటాడట.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, పోయాకైనా ఆయనకు ఒక్క మంచి మాట దక్కనీ అనుకున్నాను. కొట్టింది ఆయనే. కుంకుమలో సగం న్యాయంగా ఆయనదే.

4. కొలిమి కొట్టం, అది ఉన్న జాగా, తిత్తి, దాగలి, సమస్త సామాను నా కోడలు కళావతికి సర్వహక్కులతో చెందవలెను. తూకానికి పెట్టే అధికారం ఎవరికీ లేదు. నాలుగేళ్ళుగా పెద్ద సుత్తె కొడుతున్నది ఆమె. శివనగర్‌లో సగం ఇళ్ళ కత్తిపీటలు మా ఇద్దరి చేతి మీదుగా పోయినవే. పెళ్ళాం అరచేతిలో కాయలు కాసిన సంగతి వెంకట్రాజానికి తెలియలేదు. ఆఫీసులో అందరి ఫైళ్ళూ చూస్తాడట, చేతులు చూడడు. ఇది కళావతిని అడిగే రాస్తున్నాను. “రాయండత్తమ్మా, ఎన్నొద్దులు దాస్తం” అన్నది. ఈ విషయమై ఆమెను ఒక్క మాట అన్నా, ఒకటో నంబరులో రాసిన మూడు గదులు కూడా ఆమెకే చెందవలెను.

5. మూడు నీళ్ళ కుండలు వెంకట్రాజానికి. కళావతి కొలిమి ముట్టించినప్పుడల్లా నింపి పక్కన కూర్చోవలెను. భయపడటం నేర్చుకోవలెను. పని దానంతట అదే వస్తుంది.

6. స్టూలు కట్టయ్యకు, శిష్యుడి గుర్తుగా. దాని మీద కూర్చోవద్దు. నిప్పురవ్వల మచ్చలున్న ఆయన కళ్ళద్దాలు ఎవరికీ కాదు, నాతో పంపండి. అక్కడ కూడా ఏదో ఒకటి కాలుస్తూ ఉంటాడు.

7. రూతుకు ఏమీ రాయలేదు. సాక్షికి వాటా ఉండకూడదట. అందుకే కత్తిపీట ముందే ఇచ్చేశాను.

ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత సమ్మమ్మది.

తేదీ: 14-9-1986, వరంగల్
చేవ్రాలు: చిలుకమ్మ
సాక్షులు: 1. రూతు, శివనగర్ 2. కిషన్ రావు, దస్తావేజు రైటర్

సాక్షుల కింద రాయకూడదని కిషన్ రావు అంటున్నాడు, అయినా రాస్తున్నాను. దీన్ని నేను పోయాక చదవాలట. పోయాక చదివితే మీ మొహాలు నేనెట్లా చూడాలి? వెంకట్రాజం పాత ఇనుము వ్యాపారిని వచ్చే నెల 6వ తేదీ సోమవారం రమ్మన్నాడు. కాబట్టి సమ్మమ్మ, కట్టయ్య ఒకరోజు ముందే రావాలి, నేనే చదువుతాను. వెంకట్రాజం గోడ మీది కొడవలి దించి ఉంచాలి, కోసి చూపించడానికి పచ్చిగడ్డి నేను తెప్పిస్తాను. ఆ వ్యాపారికి కూడా కబురు పంపాను, తక్కెడ అక్కర్లేదు, ఇంట్లో మొండి కత్తులుంటే తెచ్చుకొమ్మని. అక్టోబర్ 5, ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలకు.