జారిన ఎరుపు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. ఈ ఉత్తరంలో ఆప్యాయత ఇంతవరకే.

నీ ప్రదర్శన చూసి వచ్చాను. సబ్బుకు చుట్టే కాగితం మీది అమ్మాయి బొమ్మను గోడంత పెంచి, కింద నా పేరు రాయించావు. నన్ను గౌరవించానని నీ నమ్మకం. సబ్బుల కంపెనీలో పనిచేసిన రోజుల్లో ఆ బొమ్మ గీసింది నేనే. కాని నువ్వు పెంచింది అచ్చు చెడిన కాగితాన్ని. ఎరుపు రంగు పక్కకు జారి, పెదవులు బుగ్గ మీదికి పోయాయి. అలాంటివి కట్టలకొద్దీ ప్రెస్సుకు తిప్పి పంపేదాన్ని.

"చింపి పారేసే కాగితానికి ఇంత పట్టింపెందుకమ్మా?" అని ప్రెస్సు యజమాని విసుక్కునేవాడు.

"పారేసేలోగా చూస్తారుగా" అనేదాన్ని.

నీకీ సంగతి చెబితే, "బజారు సరుకునే కళగా చూపించే దీన్ని పాప్ ఆర్ట్ అంటారత్తయ్యా, ఆ జారడంలోనే ఉంది అందమంతా" అన్నావు. నీ మిత్రులు గంభీరంగా తలలూపారు. బజారు సరుకు ఒక్కనాడూ తయారుచేయని వాళ్లకే దాని లోపాలు అంత ముద్దొస్తాయి. మా రోజుల్లో ఆ కాగితం దుకాణానికి చేరి ఉంటే, కొనేవాళ్లు సబ్బు మాట వదిలేసి, "ఈ పిల్లకు మూతి మీద ఎవరు కొట్టారు?" అని అడిగేవారు.

నీ కళకు నేను అడ్డురాను. గురువారంలోగా నా పేరు తీసేయించు. లేదంటే రంగూ కుంచే తెచ్చుకుని ఆ పెదవులు నేనే సరిదిద్దుతాను. గోడ దగ్గర నిచ్చెన వేయించు, చాలు. పట్టుకోవడానికి మనిషి అక్కరలేదు.

నీ మేనత్త